38 ఏళ్లు, రెండు అబార్షన్లు: పిండాలకు పీజీటీ చేయించాలా?

నమస్తే అండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు 38 ఏళ్లు. సహజంగా వచ్చిన గర్భం తొమ్మిదో వారంలో పోయింది. తర్వాత ఐవీఎఫ్‌కు వెళితే మొదటి పిండం అంటుకోలేదు. రెండోది అంటుకుంది కానీ ఎనిమిదో వారంలో గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. వచ్చే నెల మళ్లీ అండాలు తీయబోతున్నారు. ఈసారి పిండాలకు పీజీటీ అనే జన్యు పరీక్ష చేయిస్తే సక్సెస్ రేటు బాగా పెరుగుతుందని డాక్టరుగారు అన్నారు. మీ స్నేహితురాలేమో తనకు పరీక్షలో నార్మల్ అని వచ్చిన పిండం కూడా నిలవలేదన్నారు. పిండాన్ని కోసి కణాలు తీస్తే దెబ్బ తగలదా అన్నది మీవారి భయం. ఇన్ని మాటల మధ్య చేయించాలా వద్దా అని అడిగారు.

నేను ఎంబ్రియాలజిస్టుని. 19 ఏళ్లుగా ఐవీఎఫ్ ల్యాబులోనే నా పని. పిండాల నుంచి కణాలు తీసే బయాప్సీ నా చేతులతోనే చేస్తాను. అందుకే ల్యాబు వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను. మందులు, గర్భసంచి విషయాలు మీ డాక్టరుగారితోనే మాట్లాడండి.

ముందుగా ఒక్క విషయం బాగా మనసులో పెట్టుకోండి. ఈ పరీక్ష పిండాన్ని బాగుచేయదు. మీ అండాలు, మీవారి శుక్రకణాలు కలిసి ఎన్ని మంచి పిండాలు తయారయ్యాయో అన్నే ఉంటాయి. పరీక్ష చేసినంత మాత్రాన ఇంకొకటి వచ్చి చేరదు. ఉన్నవాటిలో దేన్ని ముందు గర్భసంచిలో వేయాలో, దేన్ని వేయకుండా ఉండాలో చెప్పడమే దాని పని. అది చిన్న సాయమని నేను అనను. మీలాంటివాళ్లకు చాలా పెద్ద సాయమే కావచ్చు. కానీ పిండాల సంఖ్య పెంచే సాయం వేరు, దారి చూపించే సాయం వేరు. ఈ తేడా తెలియక ఎంతోమంది ఆశలు పెంచుకుని, రిపోర్టు వచ్చాక కుప్పకూలిపోవడం చూశాను.

మీకు చెప్పింది బహుశా పీజీటీ-ఏ అయి ఉంటుంది. పిండంలో క్రోమోజోముల లెక్క సరిగ్గా ఉందా లేదా అని చూసే పరీక్ష అది. మనిషి కణంలో 23 జతలు, అంటే 46 క్రోమోజోములు ఉండాలి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా చాలాసార్లు పిండం అంటుకోదు, లేదా అంటుకుని మొదటి మూడు నెలల్లో పోతుంది. కొన్ని మాత్రమే పుట్టేదాకా నిలుస్తాయి. 21వ క్రోమోజోము మూడు ఉంటే వచ్చే డౌన్ సిండ్రోమ్ అలాంటిదే. మొదటి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాల్లో సగానికి పైగా ఈ లెక్క తప్పడం వల్లే జరుగుతాయి.

ఇక్కడ వయసు సంగతి చెప్పక తప్పదు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారై, విభజన మధ్యలో ఆగి, అలాగే ఏళ్ల తరబడి ఉంటాయి. క్రోమోజోములను జతగా పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ ఆ ఏళ్లలో నెమ్మదిగా సడలిపోతుంది. చివర్లో అండం విడుదలయ్యేటప్పుడు క్రోమోజోములు సమంగా పంచుకోవాల్సింది పోయి ఒకటి అటో ఇటో జారిపోతుంది. 15 వేలకు పైగా పిండాల పరీక్షా ఫలితాలను కలిపి చూసిన ఒక పెద్ద పరిశీలన 2014లో వచ్చింది. దాని ప్రకారం 35 ఏళ్ల వయసులో సుమారు మూడో వంతు పిండాల్లో లెక్క తప్పుతుంది. 38కి దాదాపు సగం, 40కి సగానికి పైన, 42కి నాలుగింట మూడొంతులు. మీరు చేసిన పని, తిరిగిన తిరుగుడు, తిన్న తిండి వీటికి కారణం కాదు. ఎవరేమన్నా ఆ మాట మీ చెవిలో పడనీయకండి. ఆ రెండు గర్భాలూ మీ నిర్లక్ష్యం వల్ల పోలేదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. వచ్చే నెల మీకు నాలుగు బ్లాస్టోసిస్టులు, అంటే ఐదో రోజు దాకా పెరిగిన పిండాలు వచ్చాయనుకోండి. మీ వయసును బట్టి అందులో రెండు మంచివి అనుకుందాం. పరీక్ష లేకుండా ఒక్కొక్కటే వేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు ఆ రెండింటి వంతు వస్తుంది. కానీ ముందు వేసింది లెక్క తప్పిన పిండమైతే నెలో రెండు నెలలో వృథా. అది అంటుకుని పోతే ఇంకో అబార్షన్, ఆ తర్వాత శరీరం కోలుకోవడానికి కొన్ని నెలలు, మనసు కోలుకోవడానికి ఇంకా ఎక్కువ. పరీక్ష చేయిస్తే ఆ రెండింటినే ముందు వేస్తారు. చివరికి బిడ్డ పుట్టే అవకాశం రెండు దారుల్లోనూ ఇంచుమించు ఒకటే. మారేది మధ్యలో పడే దెబ్బలు, పట్టే సమయం. ఇప్పటికే రెండుసార్లు పోగొట్టుకున్న మీకు ఆ తేడా చిన్నదేం కాదు.

అయితే మీకు ఒక్కటో రెండో బ్లాస్టోసిస్టులే వస్తే? అప్పుడు ముందూ వెనకా అని ఎంచుకోవడానికి ఏముంటుంది? రెండింటిలోనూ లెక్క తప్పే అవకాశం నాలుగింట ఒకటి. నాలుగు వస్తే అన్నీ తప్పే అవకాశం పదహారింట ఒకటికి పడిపోతుంది. అందుకే నేను ఎవరికైనా ఒకటే చెబుతాను. పరీక్ష చేయించాలా అన్నది అండాలు తీయకముందే తేల్చేసుకోకండి. ఐదో రోజు పొద్దున ల్యాబు నుంచి ఎన్ని పిండాలని ఫోన్ వస్తుందో, అప్పుడు తేల్చుకుంటామని ముందే చెప్పి పెట్టండి. మూడు, అంతకంటే ఎక్కువ ఉంటే మీ వయసులో, మీ చరిత్రతో చేయించడంలో అర్థం ఉంది. ఒక్కటే ఉంటే మటుకు నేనైతే బయాప్సీ జోలికి వెళ్లకుండా వేయించుకోమనే అంటాను.

డాక్టరుగారు సక్సెస్ రేటు పెరుగుతుందన్నారు కదా, అది అబద్ధమేం కాదు. కానీ ఏ లెక్క మీద అన్నారో అడగండి. లెక్క అర్థం కావడానికి నేనే కొన్ని అంకెలు వేస్తాను. 100 మంది పిండాలను పరీక్షకు ఇచ్చారనుకోండి. 35 మందికి ఒక్క నార్మల్ పిండమూ రాలేదు. మిగతా 65 మందికి వేస్తే 36 మందికి బిడ్డలు పుట్టారు. పిండం వేయించుకున్నవాళ్లలో లెక్కేస్తే 55 శాతం. మొదలుపెట్టిన అందరిలో లెక్కేస్తే 36 శాతం. ఆసుపత్రి గోడ మీద రాసేది ఎప్పుడూ మొదటి అంకే. ఆ 35 మంది దానిలో కనిపించరు. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: 'నా వయసువాళ్లు 100 మంది అండాలు తీయించుకుంటే, వాళ్లలో ఎంతమంది బిడ్డతో ఇంటికి వెళ్లారు?'

ఈ విషయంలో జరిగిన పెద్ద అధ్యయనాలు కూడా ఇదే తేల్చాయి. 2019లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 25 నుంచి 40 ఏళ్ల లోపు 661 మంది మహిళలను చూశారు. పరీక్షించిన పిండం వేస్తే 50 శాతం, మామూలుగా రూపం చూసి ఎంచి వేస్తే 46 శాతం గర్భాలు నిలిచాయి. చెప్పుకోదగ్గ తేడా కాదు. 35 నుంచి 40 మధ్యవాళ్లను విడిగా చూస్తే మాత్రం 51, 37 శాతం. ఇది తర్వాత విడదీసి చూసిన లెక్క కాబట్టి పూర్తిగా దాని మీదే ఆధారపడలేం, కానీ అది మీ వయసువాళ్ల లెక్కే. 2021లో చైనాలో 1212 మందితో చేసిన అధ్యయనం ఇంకా స్పష్టంగా ఉంది. వాళ్లంతా 20 నుంచి 37 ఏళ్లలోపువాళ్లు, మూడుకు తగ్గకుండా మంచి పిండాలు ఉన్నవాళ్లు. అన్ని ట్రాన్స్‌ఫర్లూ, అంటే గర్భసంచిలో పిండం వేసిన అన్నిసార్లూ, కలిపి చూస్తే పరీక్ష చేయించిన వాళ్లలో 77.2 శాతం మందికి, చేయించని వాళ్లలో 81.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. గర్భస్రావాలు మాత్రం 12.6 నుంచి 8.7 శాతానికి తగ్గాయి. అంటే వయసు తక్కువగా ఉండి పిండాలు పుష్కలంగా ఉన్నవాళ్లకు పరీక్ష వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరగలేదు. బ్రిటన్‌లో ఐవీఎఫ్ కేంద్రాలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎఫ్‌ఈఏ కూడా పీజీటీ-ఏకు రెండు గుర్తులు ఇచ్చింది. ఎక్కువమందికి బిడ్డ పుట్టే అవకాశం పెంచుతుందా అన్నదానికి ఎరుపు, గర్భస్రావం తగ్గిస్తుందా అన్నదానికి ఆకుపచ్చ. మీ పరిస్థితికి ఆ రెండో గుర్తు ముఖ్యం.

మీవారి భయం గురించి. ఆయన అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు కాలంతో పాటు మారింది.

పిండం మూడో రోజుకు ఆరు నుంచి ఎనిమిది కణాలుగా ఉంటుంది. మొదట్లో అందులోంచి ఒక కణం తీసి పరీక్షించేవాళ్లం. 1990లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో అలాన్ హ్యాండీసైడ్, రాబర్ట్ విన్‌స్టన్ బృందం ఇలా కణం తీసి చూసిన పిండాలతో మొదటి గర్భాలు సాధించింది. మగపిల్లలకే సోకే తీవ్రమైన జన్యు జబ్బులున్న కుటుంబాలవి. ఆడ పిండాలను ఎంచి వేశారు. గొప్ప పనే, కానీ ఎనిమిదింట ఒక కణం తీయడమంటే పిండంలో ఎనిమిదో వంతు తీసేయడం. పైగా అప్పటి పద్ధతితో కొన్ని క్రోమోజోములనే చూడగలిగేవాళ్లు. 2007లో నెదర్లాండ్స్‌లో 35 నుంచి 41 ఏళ్ల 408 మంది మీద చేసిన అధ్యయనం వచ్చాక కళ్లు తెరుచుకున్నాయి. పరీక్ష చేయించిన వాళ్లలో 24 శాతం మందికే బిడ్డలు పుట్టారు, చేయించనివాళ్లలో 35 శాతం మందికి. మేలు చేస్తుందనుకున్నది కీడు చేసింది. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో మా సీనియర్లు ఆ వ్యాసాన్ని ముందు పెట్టుకుని ఎంత బాధపడ్డారో నాకింకా గుర్తుంది.

ఇప్పుడు ఐదో రోజున, లేదా ఆరో రోజున తీస్తాం. అప్పటికి పిండంలో వందకు పైగా కణాలుంటాయి. లోపల ఒక ముద్దగా ఉన్న కణాలు బిడ్డ అవుతాయి. చుట్టూ పొరలా ఉన్నవి మాయ అవుతాయి. మేం ముట్టుకునేది బయటి పొరనే. మైక్రోస్కోపు కింద సన్నటి గాజు గొట్టంతో పిండాన్ని ఒక పక్క పట్టుకుని, లోపలి ముద్ద మనకు దూరంగా ఉండేలా తిప్పుకుంటాం. పై పెంకుకు లేజర్‌తో చిన్న రంధ్రం చేసి, ఇంకో గొట్టంతో బయటి పొర నుంచి ఐదు నుంచి పది కణాలను మెల్లగా లాగి, లేజర్‌తో విడదీస్తాం. కొన్ని నిమిషాల పని. కణాలను చిన్న ట్యూబులో వేసి పేరు, నంబరు ఇద్దరం కలిసి సరిచూస్తాం. ఆ కణాలే జన్యు ల్యాబుకు వెళతాయి. పిండం ఎక్కడికీ వెళ్లదు. దాన్ని మైనస్ 196 డిగ్రీల దగ్గర ద్రవ నైట్రోజన్‌లో భద్రపరుస్తాం. పిండాన్నే ఎక్కడికో పంపేస్తారని భయపడేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఇది చెబుతున్నాను.

దెబ్బ తగులుతుందా అన్నది తేల్చడానికి 2013లో ఒక చక్కటి అధ్యయనం వచ్చింది. ఒకే తల్లికి రెండు పిండాలు వేస్తారు, ఒకదానికి మాత్రమే బయాప్సీ చేస్తారు. తర్వాత డీఎన్‌ఏ చూసి ఏది నిలిచిందో తెలుసుకుంటారు. మూడో రోజు బయాప్సీ చేసినవి 30 శాతం నిలిస్తే, చేయనివి 50 శాతం నిలిచాయి. ఐదో రోజు చేసినవి 51, చేయనివి 54 శాతం. అంటే ఇప్పటి పద్ధతిలో, చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే, నష్టం చాలా తక్కువ. చెయ్యి తిరిగినవాళ్లు అన్నమాట మాత్రం గట్టిగా పట్టుకోండి. నేను నేర్చుకునేటప్పుడు ఒకే పిండం మీద ఎక్కువ లేజర్ దెబ్బలు కొట్టి మా గురువుగారితో చీవాట్లు తిన్నాను. అది పరిశోధనకు ఇచ్చిన పిండం కాబట్టి సరిపోయింది. మీ ల్యాబులో బయాప్సీ ఎవరు చేస్తారు, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు, ఎన్నింటికి ఫలితం రాకుండా పోతోంది అని అడగడానికి మొహమాటపడకండి. మంచి ల్యాబువాళ్లు నొచ్చుకోరు, అంకె చెబుతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది చెబుతాను. రిపోర్టు మీద రెండు మాటలే ఉంటాయని అందరూ అనుకుంటారు, నార్మల్, అబ్‌నార్మల్ అని. మధ్యలో ఇంకో మాట ఉంది. మొజాయిక్. తీసిన ఆ కొద్ది కణాల్లో కొన్ని సరిగ్గా ఉండి కొన్ని తప్పినట్టు కనిపిస్తే అలా రాస్తారు. ఒక్క కణంలో ఉండే డీఎన్‌ఏ ఆరు పికోగ్రాములు, గ్రాములో లక్ష కోట్లవ వంతుకు ఆరు రెట్లు. దాన్ని లక్షల రెట్లు పెంచి, ఒక్కో క్రోమోజోము ఎంత ఉందో లెక్కగట్టి గ్రాఫు గీస్తారు. ఆ గ్రాఫులో గీత రెండుకీ మూడుకీ మధ్య ఆగితే మొజాయిక్ అంటారు. అది నిజంగా కలగలిసిన కణాల వల్ల కావచ్చు, పెంచే పనిలో వచ్చిన తేడా కావచ్చు. పైగా మేం తీసింది మాయ అయ్యే పొర నుంచి. లోపలి ముద్ద అలాగే ఉండాలని లేదు.

ఒకప్పుడు ఇలాంటివాటిని అబ్‌నార్మల్ కింద కట్టి పారేసేవాళ్లు. 2015లో ఇటలీ బృందం ఒకటి, వేరే పిండాలేవీ లేని 18 మందికి మొజాయిక్ పిండాలే వేసింది. ఆరుగురు ఆరోగ్యవంతమైన బిడ్డలు పుట్టారు. ఆ వార్త విన్న రోజు నాకు సంతోషమూ కలిగింది, గుండెలో కలుక్కుమనీ అంది. అంతకుముందు ఇలాంటి పిండాలు ఎన్ని పారేశామో అని. తర్వాత ఎన్నో చోట్ల ఇలాంటి బిడ్డలు పుట్టారు. తేడా తక్కువ శాతంలో ఉన్న మొజాయిక్ పిండాలు నార్మల్ పిండాలతో దాదాపు సమానంగా నిలుస్తాయని 2021లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ఎక్కువ శాతం ఉన్నవాటిలో జాగ్రత్త అవసరం. ఏ క్రోమోజోము, ఎంత శాతం, మొత్తం క్రోమోజోమా లేక ఒక ముక్కేనా అన్నది చూసి జెనెటిక్ కౌన్సెలర్ చెబుతారు. పూర్తిగా అబ్‌నార్మల్ అని వచ్చినవాటి సంగతి వేరు. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో, రిపోర్టు చూడకుండా వేసిన పిండాల్లో 102 తర్వాత అబ్‌నార్మల్ అని తేలాయి. వాటిలో ఒక్కటి కూడా బిడ్డ దాకా రాలేదు. కాబట్టి ఆ మాటను నమ్మవచ్చు. మొజాయిక్ అన్న మాటకే అంత బరువు ఇవ్వకూడదు.

మీ స్నేహితురాలికి నార్మల్ పిండం ఎందుకు నిలవలేదు? క్రోమోజోముల లెక్క ఒక్కటే సరిపోదు కాబట్టి. బడిలో హాజరు పట్టీ చూసి పిల్లలంతా వచ్చారని చెప్పగలం, ఎవరు ఎలా చదువుతారో చెప్పలేం. ఈ పరీక్ష కూడా అలాంటిదే. పిండం కణాల్లో శక్తి, గర్భసంచి లోపలి పొర, అందులో పాలిప్ లాంటివి, హార్మోన్లు, ఇవేవీ ఈ పరీక్షలో కనిపించవు. నార్మల్ పిండం ఒకటి వేస్తే సుమారు సగం సార్లు, కొన్నిచోట్ల అంతకంటే కొంత ఎక్కువగా బిడ్డ పుడుతుంది. ఒకసారి పోతే మళ్లీ ప్రయత్నించవచ్చు. గర్భసంచి బాగున్న నాలుగు వేల మందికి పైగా మహిళలను చూసిన ఒక పరిశీలనలో, ఒక్కొక్కటి చొప్పున మూడు నార్మల్ పిండాల దాకా వేసేసరికి 90 శాతానికి పైగా మందికి బిడ్డలు పుట్టారని లెక్క తేలింది. మీ స్నేహితురాలికి ఈ మాట చెప్పండి. ఆమె కథ అక్కడితో అయిపోలేదు.

మీరు అడగలేదు కానీ అడగాల్సింది ఒకటుంది. రెండు గర్భాలు పోయాక మీ ఇద్దరికీ క్యారియోటైప్, అంటే మీ క్రోమోజోముల లెక్క, అమరిక చూసే రక్తపరీక్ష చేశారా? కొందరిలో క్రోమోజోములు లెక్కకు సరిపోయినా ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుని ఉంటుంది. మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు, పిండాల్లో మాత్రం ముక్కలు ఎక్కువ తక్కువలవుతాయి. అలాంటప్పుడు చేయాల్సింది పీజీటీ-ఎస్‌ఆర్ అనే వేరే పరీక్ష, దానికి ల్యాబుకు ముందే చెప్పాలి. రెండోసారి గర్భం పోయినప్పుడు తీసిన కణజాలాన్ని జన్యు పరీక్షకు పంపి ఉంటే ఆ రిపోర్టు వెతకండి. అందులో క్రోమోజోము తేడా ఉందని వస్తే పీజీటీ-ఏ వైపు మొగ్గు పెరుగుతుంది. నార్మల్ అని వస్తే కారణం ఇంకెక్కడో ఉంది, ముందు దాన్ని వెతకాలి. ఇంత ముఖ్యమైన కాగితం చాలామంది ఫైళ్లలో ఎవరూ చూడకుండా పడి ఉంటుంది.

మీ కుటుంబాల్లో ఎవరికైనా తలసీమియా, కండరాల జబ్బు, హీమోఫీలియా లాంటివి ఉంటే అది మూడో రకం, పీజీటీ-ఎమ్. అక్కడ నా సమాధానం పూర్తిగా మారిపోతుంది. దానిలో చేయించాలా వద్దా అన్న సందిగ్ధం చాలా తక్కువ. ఇద్దరూ తలసీమియా వాహకులైతే, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువును మోస్తున్నవాళ్లైతే, ప్రతి పిండానికీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, తల్లిదండ్రుల్లాగే వాహకంగా ఉండే అవకాశం సగం, ఏమీ లేకుండా ఉండేది నాలుగింట ఒకటి. అండాలు తీయడానికి కొన్ని వారాల ముందే భార్యాభర్తల రక్తం, వీలైతే జబ్బున్న బిడ్డ రక్తం తీసుకుని ఆ కుటుంబానికే పనికొచ్చేలా పరీక్ష తయారుచేస్తారు. ఇంత కొద్ది డీఎన్‌ఏలో రెండు ప్రతుల్లో ఒకటి కనిపించకుండా పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, జన్యువుతో పాటు దాని చుట్టుపక్కల గుర్తులు కూడా చూస్తారు. మా దగ్గరకు వచ్చిన ఒక జంట మూడు వాహక పిండాలు వద్దన్నారు. 'మళ్లీ అదే జబ్బు మా బిడ్డకా' అని ఆమె ఏడ్చింది. 'అమ్మా, మీరూ వాహకులే కదా, మీకేం జబ్బుంది?' అని మా కౌన్సెలర్ అడిగేదాకా వాళ్లకు తేడా తట్టలేదు. ఆ మూడింట్లో ఒకటి ఇప్పుడు బడికి వెళుతోంది. జబ్బున్న పెద్దబిడ్డకు చికిత్స కోసం ఇవ్వడానికి మూలకణాలు సరిపోయే తమ్ముణ్నో చెల్లినో కోరుకునేవాళ్లూ ఉంటారు. జబ్బు లేకపోవడానికి నాలుగింట మూడు, కణాలు సరిపోవడానికి నాలుగింట ఒకటి, రెండూ కలిపితే పదహారింట మూడు. అంత తక్కువ అవకాశమని తెలిసే మొదలుపెట్టాలి.

తెలివి, ఎత్తు, పెద్దయ్యాక షుగరు, గుండెజబ్బు వస్తాయా అని పిండానికి మార్కులు వేసే పరీక్షలు కూడా కొందరు అమ్ముతున్నారు. వేల జన్యువుల చిన్న చిన్న ప్రభావాలను కూడి వేసే అంచనా అది. అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంస్థ ఏసీఎమ్‌జీ 2024లో దాన్ని చికిత్సలో వాడడం తగదని చెప్పింది. దాని జోలికి వెళ్లకండి. ఆడా మగా తెలుసుకోవడానికి ఈ పరీక్షను వాడడం చాలా దేశాల్లో నేరం. నేరం కాకపోయినా నా చేతులతో నేను చేయను.

గర్భం నిలిచాక పరీక్షలు మానేయకండి. మేం చూసింది కొద్ది కణాలే. పదో వారం తర్వాత తల్లి రక్తంలో తిరిగే బిడ్డ డీఎన్‌ఏను చూసే ఎన్‌ఐపీటీ, స్కానింగులు మామూలుగా చేయించుకోవాలి. పీజీటీ-ఎమ్ చేయించినవాళ్లు, మొజాయిక్ పిండం వేయించుకున్నవాళ్లు 15 వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్ష గురించి డాక్టరుగారితో తప్పక మాట్లాడాలి. మొజాయిక్ విషయంలో ఎన్‌ఐపీటీ ఒక్కటే చాలదు, ఎందుకంటే రక్తంలో తిరిగే ఆ డీఎన్‌ఏ కూడా మాయ నుంచే వస్తుంది.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఈ వారంలోనే ఇద్దరి క్యారియోటైప్, పాత కణజాలం రిపోర్టు చూపించుకుంటాను. అండాలు తీసిన ఐదో రోజు మూడు, అంతకంటే ఎక్కువ బ్లాస్టోసిస్టులు ఉంటే బయాప్సీ చేయించి ఫ్రీజ్ చేయిస్తాను. ఒకటే ఉంటే పరీక్ష లేకుండా వేయించుకుంటాను. రెండుంటే మీ ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోవాలి. ఇంకో అబార్షన్ తట్టుకోలేం అనిపిస్తే పరీక్ష, ఉన్న ఏ అవకాశాన్నీ వదులుకోలేం అనిపిస్తే నేరుగా ట్రాన్స్‌ఫర్. రెండింటిలో ఏది ఎంచుకున్నా తప్పు లేదు.

బయాప్సీకి సంతకం పెట్టే కాగితంలో ఒక గడి ఉంటుంది, అబ్‌నార్మల్ అని వచ్చిన పిండాలను ఏం చేయాలి అని. తొందరలో ఎవరూ చదవరు. మొజాయిక్ పిండాలు వేటినీ మాతో మాట్లాడకుండా తీసేయవద్దు, రిపోర్టులో ఆ వివరం దాచకుండా రాయాలి అని అక్కడ మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.